నీలం లైటు కింద ఉతికిన నోట్లు

మనిషి జాతకం అరచేతిలో కాదు, చొక్కా జేబులో ఉంటుందని లాండ్రీ పిన్నికి ఇరవై రెండేళ్ల అనుభవం మీద తెలిసింది. సిగరెట్లు మానేశానని ఇంట్లో ఒట్టు పెట్టి మళ్లీ మొదలెట్టిందెవరో, రాసిన ఉత్తరం పోస్టు చేయకుండా మోసుకు తిరుగుతున్నదెవరో, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె కొన్న బిల్లు దాచుకున్న పెద్దమనిషెవరో, అన్నీ ఆవిడ బల్ల మీదికే వచ్చేవి. ఆవిడ మాత్రం నోరు విప్పేది కాదు. దొరికింది ఏదైనా సరే, చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ చొక్కాకే పిన్నీసుతో గుచ్చి, తిరిగి ఇచ్చేసేది. గుండీ అయినా అంతే, పెద్ద నోటైనా అంతే. ఆ కొట్టుకు బోర్డు కూడా లేదు. ఈ పేరే దాని బోర్డు.

వీధిలో అందరికీ ఆవిడ పిన్నే. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా సిగ్గులేకుండా పిన్నీ అనే పిలిచేవారు. కొట్టు రెండు గదులు. వెనక గదిలో రెండు మెషిన్లు, వాటి మధ్య మొగుడు. ఆ రొదలో ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి, అందుకని ఎవరేం చెప్పినా ముందు "ఆఁ?" అంటాడు. ముందు గదిలో పొడుగాటి బల్ల, ఇస్త్రీ పెట్టె, గోడవార ఎత్తు స్టూలు మీద అత్తగారు. డెబ్బై దాటిన మనిషి. కళ్లు మందగించాయి గానీ నాలుకకు పదును ఇసుమంతైనా తగ్గలేదు.

ఎంత తడిమినా, నెలకు రెండు మూడు నోట్లు ఏ లోపలి జేబులోనో నక్కి నీళ్లలోకి పోయేవి. అవి బయటపడ్డాక అత్తగారి శాఖ. ఆవిడ వాటిని చేతిరుమాలు మడతలో పరిచి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టెతో రుద్ది, చొక్కాకు గుచ్చేది. నోటు తీసుకున్నవాళ్లు, "బ్యాంకులో కూడా ఇంత మడత నలగని నోటు ఇవ్వరమ్మా" అని నవ్వుకుంటూ వెళ్లేవారు.

పిన్నికి నోట్ల సంగతి బాగా తెలుసు. కాపురానికి వచ్చిన ఏడాదే, మంచి బట్టలు కట్టుకున్న ఒకాయన నవ్వుతూ దొంగనోటు అంటగట్టి పోయాడు. ఆ రోజు ఆవిడ అన్నం తినకుండా ఏడ్చింది. మర్నాటి నుంచి బల్ల మీదికొచ్చిన ప్రతి నోటునూ బొటనవేలితో చదవడం మొదలుపెట్టింది. అసలు నోటు కాగితం మన పుస్తకాల కాగితం కాదు, నూలు. అది బట్టకు దగ్గరి చుట్టం. దాని మీద అచ్చు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, గోరు పెట్టి లాగితే గరగరలాడుతుంది. దొంగనోటు నున్నగా జారిపోతుంది. ఇంతే విద్య. ఈ విద్యకు సర్టిఫికెట్ లేదు కాబట్టి దీన్ని ఎవరూ లెక్కచేయలేదు.

అలాంటి వీధిలో, ఎదురుగా ఉన్న మందుల షాపాయన ఒక యంత్రం కొన్నాడు.

యంత్రమంటే పెద్దదేం కాదు, చెప్పుల డబ్బా అంత. లోపల నీలం లైటు. నోటు లోపలికి తోస్తే, మంచిదైతే కాగితం చీకటిగా ఉండి సన్నటి గీత ఒకటి మాత్రం వెలుగుతుంది. దొంగదైతే నోటు నోటంతా తెల్లగా మెరుస్తుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. తలనొప్పి మాత్ర కొనడానికి వచ్చినవాళ్ల నోట్లు సరే, దారిన పోయేవాళ్లను కూడా పిలిచి, "మీ జేబులో ఉన్నవి ఒకసారి చూసుకోండి, ఊరికే" అనేవాడు. వారం తిరిగేసరికి ఆయన మందులమ్మడం మానేసి నోట్ల డాక్టరు అయిపోయాడు.

ఆ వారంలో మూడు నోట్లు మెరిశాయి. మొదటిది టీచరమ్మది. రెండోది బస్సు డ్రైవరుది. మూడోది పక్క వీధి టైలరుది. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. ఆ నోటు లాండ్రీ నుంచి చొక్కాకు గుచ్చి వచ్చిందని.

మర్నాడు పొద్దున్న పిన్ని తలుపు తీసేసరికి టైలరు గుమ్మంలో ఉన్నాడు. మనిషి ముప్పై అయిదేళ్లవాడు. మెడలో టేపు వేలాడుతోంది. పెళ్లి కాకముందు నుంచీ ఆ కొట్టులోనే బట్టలు వేస్తున్నాడు.

"ఏంటబ్బాయ్, ఇంత పొద్దున్నే?"

"మీరు ఇలాంటివారనుకోలేదండీ" అన్నాడు.

నిన్నటిదాకా నోరారా నువ్వు అన్నవాడు మీరు అనేసరికి, విషయం వినకముందే ఏదో మునిగిందని పిన్నికి అర్థమైంది.

"నా జేబులో ఉన్నది మంచి నోటు. మీరు ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది దొంగనోటు. ఒక్క నాదే కాదు, ముగ్గురివి. మంచివి ఉంచేసుకుని అవి గుచ్చి పంపుతున్నారు. పైగా ఎంత నిజాయతీపరులో అని మేమే ఊరంతా టముకు వేస్తున్నాం."

"నేనా?" అంది పిన్ని.

"నోట్లు మూడూ ఎదురు షాపులో ఉన్నాయి. పన్నెండింటికి పోలీసులకు చెబుతాం. మీరేమైనా చెప్పుకునేదుంటే ఈలోపు చెప్పుకోండి. నా బట్టలు ఇచ్చేయండి, ఉతక్కపోయినా ఫర్వాలేదు."

చూస్తుండగానే మాట వీధంతా పాకింది. మంచి మాట గడప దాటేలోపు చెడ్డ మాట ఊరు దాటుతుంది. తొమ్మిదింటికల్లా ఏడుగురు వచ్చి మూటలు పట్టుకుపోయారు. ఒకామె అయితే మూట విప్పి, జేబులు తిప్పి చూసుకుని మరీ వెళ్లింది. పిన్నికి ఆ జేబులు తిప్పడం చెంపదెబ్బలా తగిలింది. దొంగ అనిపించుకున్న చేతికి ఎవరు బట్టలిస్తారు? ఇరవై రెండేళ్లు ఒక్కొక్క గుండీ తిరిగిచ్చి సంపాదించుకున్న పేరు పన్నెండింటికల్లా పోయేట్టుంది. చిత్రం చూడండి, నోట్లు కాజేసి ఊరుకుని ఉంటే ఆవిడనెవరూ అడిగేవారే కాదు. తిరిగిచ్చినందుకే దొంగయింది.

ఒక్క క్షణం ఆవిడకో పాపిష్టి ఆలోచన వచ్చింది. నోట్లు ముట్టుకునేది అత్తగారు కదా, ఒకవేళ... అని స్టూలు వైపు చూసింది. పెద్దావిడ చూపు ఆనక ఆ చూపును గమనించలేదు. పిన్ని సిగ్గుతో తల దించుకుంది.

"ఏమే, రాయిలా నిలబడ్డావేం?" అంది అత్తగారు. "వాడొచ్చి వాగిపోతే వినేసి ఊరుకోవడమేనా? పద, తాడో పేడో తేల్చుకుందాం. ఒరేయ్, మెషిన్ ఆపు!"

"ఆఁ?" అన్నాడు కొడుకు.

"ఆపకపోతే పోనీ. కొట్టు చూసుకో!"

మందుల షాపు ముందు అప్పటికే పదిహేను మంది ఉన్నారు. అందులో ఒక్కడికీ మందులు అక్కర్లేదు. షాపాయన కొత్తగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో పెళ్లికొడుకులా ఉన్నాడు. మూడు నోట్లూ గాజు పలక కింద పెట్టి, దాని మీద దగ్గు మందు సీసా బరువు పెట్టాడు.

"చూడమ్మా, నాకు నీ మీద కోపమేం లేదు" అన్నాడాయన. "కానీ లెక్క నువ్వే చెప్పు. రోజుకు రెండు వందల నోట్లు చూస్తున్నాను. వారంలో మెరిసినవి మూడే మూడు. ఆ మూడూ నీ కొట్టులోంచే. నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

లెక్క ఎటు తిప్పి చూసినా పిన్ని మెడకే చుట్టుకుంటోంది.

"అన్నయ్యా, ఒక్కసారి నా కళ్లతో చూడనీ. మళ్లీ పెట్టు" అంది.

ఆయన టీచరమ్మ నోటు తీసి, డబ్బా లోపలికి మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు. అందరూ మెడలు సాచారు. నోటు తెల్లగా మెరిసింది. "చూశావా?" "అయ్యో!" "ఎంత ధైర్యం!" అని వెనక నుంచి మాటలు. అందరూ నోటును చూశారు. పిన్ని మాత్రం చొక్కా కఫ్ చూసింది. ఆవిడేం కావాలని చూడలేదు. ఇరవై రెండేళ్లుగా మనిషి ఎదురైతే ముందు కాలరూ కఫ్‌లూ చూసే కళ్లవి, మురికి అక్కడే కదా పట్టేది.

కఫ్ కూడా మెరుస్తోంది. నోటుకంటే ఎక్కువ మెరుస్తోంది.

"చెయ్యి తీయకు!" అని పిన్ని అరిచిన అరుపుకు దగ్గు మందు సీసా వణికింది. "చెయ్యి తీయకు అన్నయ్యా! అలాగే ఉంచు! అందరూ చూడండి, నోటు కాదు, చొక్కా చూడండి!"

చూశారు.

"ఏం అన్నయ్యా, నీ చొక్కా కూడా దొంగదేనా?"

ఎవడో పక్కున నవ్వాడు. షాపాయన చెయ్యి లాక్కుని, "చొక్కా వేరు, నోటు వేరు" అని గొణిగాడు.

"వేరే. కానీ ఉతికింది ఒకటే చెయ్యి. మొన్న బుధవారం ఉతికాను. అదే మెషిన్, అదే సబ్బు పొడి." పిన్ని మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "తెల్లబట్ట మిలమిలలాడాలని ఆ పొడిలో ఏదో మెరుపు మందు కలుపుతారు. అది బట్టకు పట్టుకుని వదలదు. నోటూ నూలే కదా, దానికీ పట్టింది! నీ లైటు దొంగనోటును పట్టుకోలేదు అన్నయ్యా, నా సబ్బును పట్టుకుంది!"

"ఇదంతా మసిపూసి మారేడుకాయ చేయడం" అన్నాడు టైలరు. గొంతులో మాత్రం పొద్దుటి బిగువు లేదు.

"అయితే నిరూపిస్తా. అన్నయ్యా, నీ గల్లాపెట్టెలోంచి నీకు నచ్చిన నోటు తీయి. నీ లైటే మంచిదని చెప్పిన నోటు. నీ కళ్లముందు ఉతుకుతా. మెరవకపోతే నేనే పోలీసుల దగ్గరికి నడిచి వెళ్తా."

"నా నోటా? ఉతుకుతావా?" షాపాయన గల్లాపెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

"పరాయి నోట్లను వారం నుంచి పరీక్షలు చేస్తున్నావుగా నాయనా, నీ నోటుకు స్నానం చేయిస్తే అరిగిపోతుందా?" అంది అత్తగారు. "దాని నంబరు కూడా కాగితం మీద రాసుకో. తర్వాత మా కోడలు గారడీ చేసిందంటే నా నోరు మంచిది కాదు."

నంబరు రాశారు. నోటు లైటు కింద పెట్టారు. చీకటిగా ఉంది, మంచిదే. ఆ తర్వాత ఆ వీధి ఎన్నడూ చూడని ఊరేగింపు బయల్దేరింది. ముందు నోటును రెండు చేతులా పట్టుకుని షాపాయన, పక్కన పిన్ని, వెనక పెద్దావిడ చెయ్యి పట్టుకుని టీచరమ్మ, ఆ వెనక జనం. రోడ్డు దాటుతుంటే ఒక లారీవాడు ఆగి, ఎవరికేమైందని అడిగాడు.

"బకెట్టు!" అంది పిన్ని కొట్లో అడుగుపెడుతూనే.

"ఆఁ?" అన్నాడు మొగుడు. ఇంతమంది ఒక్కసారి కొట్లోకి రావడం చూసి, గిరాకీ అనుకుని సంబరపడి బిల్లు పుస్తకం తెచ్చాడు. పిన్నే వెళ్లి బకెట్టు తెచ్చుకుంది.

రెండు గుప్పెళ్ల పొడి, నురగ వచ్చేదాకా నీళ్లు. నోటు మునిగింది. షాపాయన ముఖం చూస్తే తన బిడ్డను ఎవరో ఏటిలో దింపినట్టుంది. పావుగంట నానింది. ఆ పావుగంట ఎవరూ కదల్లేదు. డ్రైవరు బస్సు టైమైందని రెండుసార్లు అన్నాడే గానీ గుమ్మం దాటలేదు. పిన్ని నోటును తీసి, రెండుసార్లు జాడించి, చేతిరుమాలు మడతలో పెట్టి ఇస్త్రీ పెట్టె ఆనించింది. సబ్బు సంగతి తను అనుకున్నదే గానీ, ఎప్పుడూ చేసి చూసింది కాదు. మెరవకపోతే? ఆ ఆలోచన రాకుండా పళ్లు బిగించి రుద్దింది.

ఊరేగింపు తిరిగి రోడ్డు దాటింది. నంబరు సరిచూశారు, అదే నోటు. షాపాయన డబ్బాలో పెట్టాడు.

పాలు ఒలికినట్టు తెల్లగా మెరిసింది.

ఇక చూడండి ఆ గోల! డ్రైవరు ఈల వేశాడు. టీచరమ్మ పిన్నిని గట్టిగా వాటేసుకుని, "నాకు ముందే అనిపించింది పిన్నీ" అంది. అనిపించలేదని అందరికీ తెలుసు. తామే ఏదో కనిపెట్టేశామన్నంత హుషారుగా జనం తమ జేబుల్లోని నోట్లూ చేతిరుమాళ్లూ తీసి డబ్బా ముందు తోసుకుంటున్నారు. అత్తగారు గొంతు పెంచి, "తెల్లనివన్నీ పాలు కావర్రా! మెరిసినవన్నీ దొంగవీ కావు!" అని ఉపన్యాసం మొదలెట్టింది. షాపాయన పోలీసులకు చేద్దామని పట్టుకున్న ఫోను మెల్లగా కింద పెట్టి, "నాదే పొరపాటు చెల్లెమ్మా" అన్నాడు, కాస్త నసుగుతూనైనా. పిన్నికి ఒళ్లంతా తేలిపోతున్నట్టుంది. నవ్వుతోంది, ఎందుకు నవ్వుతోందో తెలియకుండా నవ్వుతోంది.

"తీసుకోండి, ఎవరి నోట్లు వాళ్లు" అని గాజు పలక ఎత్తింది. టీచరమ్మది టీచరమ్మకిచ్చింది. డ్రైవరుది డ్రైవరుకిచ్చింది. అలవాటు చొప్పున రెండిటి మీదా బొటనవేలు ఆడింది, గరగరమన్నాయి. మూడోది తీసింది.

వేలు జారింది.

మళ్లీ రుద్దింది. మూలన, నడుమ, అంకె మీద. ఎక్కడా ఉబ్బు లేదు. నూనె రాసిన అద్దంలా నున్నగా ఉంది. వంచి చూస్తే బిర్రుతనం లేదు, నానిన అట్టముక్కలా మెత్తగా వంగింది. ఈ నోటుకు సబ్బు అక్కర్లేదు, ఉతక్కపోయినా మెరిసేది. ఇది నిజంగానే దొంగనోటు.

ఎవరూ చూడలేదు. అందరూ చేతిరుమాళ్ల గోలలో ఉన్నారు. టైలరు చెయ్యి చాచి నిలబడ్డాడు, సిగ్గుతో కళ్లెత్తలేక. ఆ చేతిలో పెట్టేస్తే అయిపోతుంది. ఇప్పుడా నోటు మంచిదని వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది. నిజం చెబితే? ఇప్పుడే కదా మెడ మీది కత్తి తీశారు, తనే మళ్లీ తీసి వాళ్ల చేతికివ్వడం. అయితే మార్చిన మాట నిజమేనన్నమాట అంటారు. ఈసారి ఉతికి చూపించడానికి ఏమీ లేదు. పిన్నికి భయం వేసింది. పొద్దున్న వేసినదానికంటే పదింతలు భయం.

కానీ ఇది ఇతను ఎక్కడో ఇస్తాడు, అక్కడ పట్టుకుంటారు. పట్టుకోకపోతే, తనలాంటిది ఇంకొకతె అన్నం మానేసి ఏడుస్తుంది.

"అబ్బాయ్" అంది. ఆ గోలలో అతనికి వినబడలేదు, మళ్లీ అంది. "అబ్బాయ్, ఇది మంచిది కాదు. ఇది దొంగనోటే."

అత్తగారి ఉపన్యాసం కూడా ఆగింది.

"అదేంటి పిన్నీ, సబ్బు అన్నావుగా?" అన్నాడు డ్రైవరు.

"ఆ రెండింటికీ సబ్బే. దీనికి కాదు. ముట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది. ఇస్త్రీ అప్పుడు నేను పట్టుకుని ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. చూసుకోలేదు, అది నా తప్పే."

ముట్టుకున్నారు. తలలూపారు. ఆ తర్వాత ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గుంపు వెనక నుంచి ఒక గొంతు, "అంటే మూడిట్లో ఒకటి మార్చినట్టేగా" అంది. షాపాయన చూపు కింద పెట్టిన ఫోను మీదికి వెళ్లింది. టీచరమ్మ చెయ్యి పిన్ని భుజం మీంచి నెమ్మదిగా జారింది.

టైలరు నోటు తీసుకుని వెలుతురు కోసం గుమ్మంలోకి నడిచాడు. ముందు చూశాడు, వెనక తిప్పి చూశాడు. అంచు దగ్గర కళ్లకు ఆనించుకుని చూశాడు. అక్కడ బాల్‌పెన్ను సిరా వెలిసిపోయి, ఉందా లేదా అన్నట్టు రెండు అంకెలు. ముప్పై ఎనిమిది. ఇరవై నాలుగున్నర. పోయిన నెల ఒకాయన రోడ్డు మీద ఆపి కోటు కుట్టమంటే, కాగితం లేక, జేబులో ఉన్న నోటు మీద రాసుకున్న ఛాతీ కొలత, చేతి కొలత. ఆ నాలుగుకు తోక పొడుగ్గా లాగడం తన అలవాటు.

ఆ అంకెలు ఎవరివో అతనొక్కడికే తెలుసు. నోటు జేబులో పెట్టుకుని ఏమీ అనకుండా వెళ్లిపోతే, నష్టం పిన్నిది. నిజం ఒప్పుకుంటే పొద్దున్నుంచీ వీధంతా తిరిగి వేసిన నిందంతా తన నెత్తికే చుట్టుకుంటుంది, డబ్బూ పోతుంది. టైలరు మెడలో టేపును ఒక చేత్తో లాగుతూ అలాగే నిలబడ్డాడు. పిన్ని అతని వీపునే చూస్తోంది.

అతను వెనక్కి తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నా రాత" అన్నాడు, అందరికీ వినబడేట్టు. "ఇవి నేను రాసుకున్న కొలతలు. నా జేబులో పెట్టి ఇచ్చింది ఈ నోటే. ఎవడో నాకు అంటగట్టాడు, నేను చూసుకోలేదు. మార్చలేదు. పిన్ని ఏమీ మార్చలేదు. చూసుకోకుండా వాగింది నా నోరే."

ఎవరూ ఈల వేయలేదు ఈసారి. షాపాయన లైటు స్విచ్చి కట్టేశాడు.

పిన్ని మందుల కోసం వచ్చేవాళ్లు కూర్చునే బల్ల మీద కూలబడింది. పొద్దున్నుంచి ఏడుగురు మూటలు పట్టుకుపోయినా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముఖానికి ఏప్రన్ అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. టైలరు ఏం చేయాలో తోచక, ఆవిడ ముందు కింద కూర్చుని, "పిన్నీ, పిన్నీ" అంటూ ఉండిపోయాడు.